ఊ అన్నందుకు

గుడియాత్తం బస్టాండు నుంచి బజారు వీధికి తిరిగే మలుపులో, లుంగీల దుకాణం పైన మిద్దెగదిలో హేమనాథ్ వీడియో గేముల అంగడి ఉండేది. ఆ మెట్లెక్కి ఆట ఆడకుండా దిగినవాళ్ళు ఉన్నారేమో గానీ, ఆటల మీద హేమనాథ్ ఉపన్యాసం వినకుండా దిగినవాళ్ళు మాత్రం లేరు. టీ తెచ్చిన మనిషికి చెప్పేవాడు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకూ చెప్పేవాడు. ఒకసారి తపాలా మనిషి రిజిస్టరు కవరు పట్టుకుని పావుగంట నిలబడి విన్నాడు, పాపం, సంతకం కావాలి కదా.

"ఇదో ఇనప్పా. ఆటంటే అందులో మనిషి కనపడి తీరల్ల. వాడు పరిగెత్తల్ల, గుంత దాటల్ల, పడల్ల, లేయల్ల. వానికి మూడే ఉసుర్లు. మూడూ పోతే మళ్ళా మొదుట్నించి. అందుకే ఆడేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకోని ఆడతాడు. ఇబ్బుడు వచ్చేటివి ఆటలా? ఒక తుపాకి, దాన్ని పట్టుకున్న చెయ్యి. ఆ చెయ్యి ఎవురిదో తెలీదు, మొగం ల్యా. సచ్చినా కత ల్యా, యాడ సచ్చినాడో ఆడ్నించే లేస్తాడు. ఉసురుకు ఇలవ ల్యాకుండా పాయె."

ఉసురు అనేది అతను పెట్టిన పేరే. తెర మూలన ఇంగ్లీషులో ఏదో పడేది. తమిళం కుర్రాళ్ళు దాన్ని ఉయిరు అంటే, ఇంట్లో తెలుగు మాట్లాడే హేమనాథ్ ఉసురు అన్నాడు. అతని పెళ్ళాం భువన ఆ మాటకు మొదట్లోనే ముఖం చిట్లించింది. వాళ్ళ ఇళ్ళల్లో ఉసురంటే ప్రాణం ఒక్కటే కాదు, ఎవరినైనా ఉత్తపుణ్యానికి బాధపెడితే ఆ మనిషి లోపల్నించి వచ్చి తగిలేది కూడా ఉసురే.

"మూడు ఉసుర్లు, నాలుగు ఉసుర్లు అని అంగట్లో కూసోని అరస్తావే, నీకు వేరే మాట దొరకల్యా?" అనేది.

"నువ్వు రవికలు కుట్టేటప్పుడు సంకలు కోస్తావే, దానికేమంటారు?" అనేవాడు ఇతను. అట్లా ఉండేది ఆ మొగుడూ పెళ్ళాల వ్యవహారం.

హేమనాథ్ పుట్టింది మేల్పాడిలో. తండ్రి దేవరాజులుకు చెరుకూ వేరుశనగా పండే భూమి ఉంది, ఇద్దరు కొడుకులు ఉన్నారు. పెద్దవాడు నాగలి పట్టాడు. చిన్నవాడు హేమనాథ్ పదో తరగతి రెండుసార్లు తప్పి, కాట్పాడిలో టీవీలు బాగుచేసే అంగట్లో చేరాడు. తొంభైమూడులో టీవీ సామాన్లు కొనడానికి మద్రాసు పంపిస్తే, సామాన్లతో పాటు ఎర్రా తెలుపూ రంగుల ఆటపెట్టె ఒకటి చంకన పెట్టుకుని దిగాడు. అప్పుడప్పుడే బయటిదేశాల సరుకులు బజారుకెక్కుతున్న రోజులు. మేల్పాడి ఇంట్లో ఆ పెట్టెను టీవీకి తగిలిస్తే, దేవరాజులు పంచె ఎగ్గట్టుకుని చూసి, "ఇంట్లో ఎద్దును అదిలించేదానికి నీకు ఒళ్ళు వంగదు, టీవీలో బొమ్మను ఎగిరించేదానికి మాత్రం చెమట్లు కారస్తాండావు" అన్నాడు. అని, ఆ సాయంత్రమంతా బాతుల్ని కాల్చే ఆట ఆడింది కూడా ఆయనే.

మరుసటి ఏడాది భువన పుట్టిల్లు ఉన్న గుడియాత్తానికి వచ్చి హేమనాథ్ అంగడి పెట్టాడు. రెండు పెట్టెలు, రెండు టీవీలు, ప్లాస్టిక్ తుపాకి ఒకటి. తెర మీద బాతులు ఎగిరితే తుపాకితో కాల్చాలి. తప్పిపోతే కుక్క ఒకటి గడ్డిలోంచి లేచి నవ్వేది. లుంగీలు నేసేవాళ్ళూ, లారీ డ్రైవర్లూ, పాలిటెక్నిక్ కుర్రాళ్ళూ ఆ కుక్కను తిట్టిన తిట్లు కింద లుంగీల సేటుకు వినపడేవి.

తాపీమేస్త్రి గోవిందస్వామి ఆ మెట్లెక్కింది ఆట కోసం కాదు. తొంభైతొమ్మిది వేసవిలో ఒక మధ్యాహ్నం గాలివాన వస్తే తల దాచుకోవడానికి ఎక్కాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. ఊళ్ళో సగం మిద్దెలకు పూత పూసింది ఆయనే. సున్నంతో, సిమెంటుతో స్తంభాలకు తీగెలూ పూలూ దిద్దడంలో వేలూరు దాకా ఆయనకు పేరు. ఆ ఏడు సంక్రాంతి ముందు సత్తువాచ్చేరిలో మిద్దెకు కట్టిన సారం కర్రల మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గానీ వేళ్ళు మొద్దుబారిపోయాయి. బొటనవేలైతే కట్టెపుల్లే. వేలూరు ఆసుపత్రిలో ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. "బంతి పిసికేదానికి నేనేమన్నా పసిబిడ్డనా" అని దాన్ని పక్కింటి కుక్కకు వేశాడు.

వాన తగ్గేదాకా బెంచీ మీద కూర్చుని, ఎవరో ఆడుతున్న ఇటుకల ఆట చూశాడు. పైనుంచి రకరకాల ఆకారాల ఇటుకలు పడుతుంటాయి, వాటిని తిప్పి సందు లేకుండా పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది. మేస్త్రి చూస్తూ చూస్తూ ముందుకు జరిగాడు.

"ఏమప్పా, వరస నిండినాక పడగొట్టేస్తాండాడే, ఈ ఇల్లు ఎబ్బుడు లేస్తుంది?"

"లేయకూడదు మేస్త్రీ. లేస్తే ఓడిపోయినట్టు."

"అట్లనా? అబ్బుడు దీన్ని చేసినోడు కాంట్రాక్టరే" అన్నాడు గోవిందస్వామి. గదంతా నవ్వింది.

ఆ ఆటలో ఇటుకను తిప్పే మీట కుడి బొటనవేలి కింద ఉంటుంది. మొదటి రోజు మేస్త్రి బొటనవేలు మీట మీదికి పోనేలేదు. ఎడమ చేత్తో కుడిచేతి వేలిని పట్టుకుని నొక్కాడు. అర నిమిషంలో గోడ తెర నిండా లేచి ఆట ముగిసిపోయింది. మర్నాడు మూడు గంటలకు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నెల తిరిగేసరికి బొటనవేలు తనంతట తాను కదిలింది. రెండు నెలలకు కాఫీ గ్లాసు కుడి చేత్తో ఎత్తాడు. ఆ రోజు హేమనాథ్ వీధిలో పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

"ఆసుపత్రోళ్ళు చెయ్యలేని పని నా పెట్టె చేసింది చూడండప్పా. తుపాకి ఆటలు ఇట్లా చేస్తాయా? ఒక్కటి చెప్పండి చూస్తాం."

మేస్త్రి కూడా ఆటల మీద తన మాట తాను చెప్పేవాడు. ఎవరో వేలూరు నుంచి తెచ్చిన పుస్తకంలో కొత్త కాల్పుల ఆట బొమ్మ చూసి, అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, "ఇంత పెద్ద బంగళా కట్టినారే, ఇందులో వంటిల్లు యాడుండాది? ఒక ఆరేసిన గుడ్డ ల్యా, నీళ్ళబిందె ల్యా. మనుషులుండేదానికి కట్టింది గాదిది, సచ్చేదానికి కట్టింది" అన్నాడు. ఆ మాట హేమనాథ్‌కు ఎంత నచ్చిందంటే, తర్వాత వారమంతా తన మాటగానే అందరికీ చెప్పుకున్నాడు.

దసరా దగ్గర పడేసరికి మేస్త్రి బావమరిది కొడుకు దొరై వేలూరు నుంచి వచ్చాడు. వాడు చిన్న కాంట్రాక్టరు, బాగాయం పక్క కల్యాణమండపం కడుతున్నాడు. ముందర ఆరు స్తంభాలకు పూలు దిద్దాలి. "దీపావళి కాంగానే వచ్చెయ్ మామా, ఆ పని నీకే పెట్టినా" అన్నాడు. గోవిందస్వామి ఆ కబురు ముందు పెళ్ళాం పచ్చయమ్మకు చెప్పాడో, హేమనాథ్‌కు చెప్పాడో గానీ, హేమనాథ్‌కు చెప్పేటప్పుడు మాత్రం చెయ్యి చాపి ఐదు వేళ్ళూ ఒకటొకటిగా మడిచి చూపించాడు.

ఇక్కడే హేమనాథ్ సంగతి ఒకటి చెప్పాలి, చెప్పడానికి బాగుండదు గానీ. పాలిటెక్నిక్ కుర్రాళ్ళు మెల్లమెల్లగా రావడం మానేశారు. అడిగితే, "బాతులు తిరిగి కాల్చవు కదన్నా, ఏం మజా ఉంటుంది?" అన్నారు. శనివారం శనివారం బస్సెక్కి వేలూరు పోతున్నారు, అక్కడ లాంగ్ బజారు వెనక సందులో రామస్వామి అనేవాడు డిస్కులు పెట్టే కొత్త పెట్టె తెచ్చాడు. హేమనాథ్ ఆ దిక్కుమాలిన ఆట ఏందో చూసి తిట్టి రావాలని వేలూరు పోయాడు. రామస్వామి చేతికిచ్చాడు. పొడుగాటి వసారా, మలుపులు, మలుపు మలుపుకూ ఎవడో ఒకడు. హేమనాథ్ రెండు గంటలు లేవలేదు. గురి అతనికి పుట్టుకతో ఉన్నట్టుంది. చుట్టూ కుర్రాళ్ళు మూగి, "యారుప్పా ఇవరు", ఎవరప్పా ఈయన, అంటుంటే ఒళ్ళు పొంగింది. బస్సులో తిరిగి వస్తూ కూడా కిటికీ పక్కన ప్రతి చెట్టు చాటునా ఎవరో ఉన్నట్టే చూశాడు.

ఇంటికొచ్చి భువనతో, "థూ, అదీ ఒక ఆటే" అన్నాడు. మరో మూడుసార్లు పోయాడు, భువనకు చెప్పకుండా.

ఆయుధపూజ రోజు అంగడి కడిగి, పెట్టెలు తుడిచి, అరటాకులో బొరుగులు, పుట్నాలు పెట్టాడు. ఆ వైపు ఎవరి పనిముట్టుకు వాళ్ళు ఆ రోజు బొట్టు పెడతారు. నేసేవాడు మగ్గానికి, డ్రైవరు లారీకి, భువన కుట్టుమిషనుకు. గోవిందస్వామి తన తాపీ, తూకంగుండు, రసమట్టం గుడ్డలో కట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"ఇంట్లో పెట్టుకోకుండా ఈడికి తెచ్చినావే మేస్త్రీ?"

"నా చెయ్యి యాడ బాగయిందో ఆడే పెట్టల్ల కదప్పా. ఈ పెట్టె గూడా నా పనిముట్టే."

గంధం ఆయనే కలిపాడు. బొట్టు ఆయనే పెట్టాడు, కుడి చేత్తోనే పెట్టాలని పట్టుబట్టి. చెయ్యి కొంచెం వణికింది. గంధం పలచనైంది కాబోలు, రెండు చుక్కలు పెట్టె పైన క్యాసెట్టు దూర్చే సందులోకి జారాయి. మేస్త్రి ముఖం పాలిపోయింది. హేమనాథ్ గుడ్డతో అద్ది, ఊది, "ఏం కాదులే మేస్త్రీ, సామికి పెట్టింది" అన్నాడు. మరుసటి రోజు పెట్టె మామూలుగానే ఆడింది. హేమనాథే ఆడి చూశాడు.

ఆ తర్వాత వారంలో రామస్వామి కబురు పెట్టాడు. పాత పెట్టెలు రెండూ తెచ్చిస్తే, వాడిన డిస్కు పెట్టె ఒకటి మారుపుకు ఇస్తానన్నాడు. కావేరిపాక్కంలో ఎవరో కొత్తగా అంగడి పెడుతున్నారట, వాళ్ళకు పాతవి కావాలట.

హేమనాథ్ పెట్టెలు మోసుకుని వేలూరు పోయాడు గానీ, "రెండూనా? ఒకటి పెట్టుకుంటానప్పా" అన్నాడు.

"రెండయితే మారుపు. ఒకటయితే ల్యా. ఇంకెన్నాళ్ళు ఇటుకలు పేరస్తావు? రెండేండ్లు చూడు, నలుగురు నాలుగు తుపాకులు పట్టుకోని ఒకర్నొకరు కాల్చుకునే ఆటలొస్తాయి. అబ్బుడు ఈ డిస్కు ఆట గూడా ముసిల్దయిపోతుంది" అన్నాడు రామస్వామి.

హేమనాథ్‌కు ఆ క్షణంలో మేస్త్రి గుర్తుకొచ్చాడు. రాలేదని చెప్పుకోవడానికి లేదు. వచ్చాడు, బొటనవేలుతో సహా వచ్చాడు. ఆయనకు వేరే ఏదైనా చేద్దాంలే అనుకుని రెండు పెట్టెలూ రామస్వామి బల్ల మీద పెట్టేశాడు.

కొత్త పెట్టె వచ్చిన రెండో రోజు, మూడు గంటలకు గోవిందస్వామి వచ్చాడు. అప్పటికి కుర్రాళ్ళు ఎవరూ లేరు. హేమనాథ్ ఒక్కడే తెర ముందు కూర్చుని ఆడుతున్నాడు. ముందు రోజంతా దాటలేని వసారా అది, ఆ వేళ సగం దాటాడు. చెప్పుల చప్పుడు వింటూనే ఎవరో తెలిసింది. తల తిప్పలేదు.

మేస్త్రి తను ఆడే టీవీ దగ్గరికి పోయి చూశాడు. పెట్టె లేదు.

"పెట్టె యాడప్పా?"

"చెడిపోయింది మేస్త్రీ."

ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో అతనికే తెలీదు. అమ్మేశానని చెప్పడానికి ముఖం చెల్లలేదు, అంతే. వెనకాల నుంచి మేస్త్రి గొంతు, చాలా మెల్లగా వినిపించింది.

"నేను పెట్టిన గంధం లోపలికి పాయెనా?"

తెర మీద మలుపు వచ్చింది. ఒకడు తలుపు చాటునుంచి తుపాకి ఎత్తాడు. హేమనాథ్ వాణ్ణి కాల్చి,

"ఊ" అన్నాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒక్కొక్కటిగా దిగిపోయింది. హేమనాథ్ ఆ వసారా మొత్తం దాటేశాడు.

మేస్త్రి మర్నాడు రాలేదు. వారం తిరిగినా రాలేదు. దీపావళి వచ్చి పోయింది. కుర్రాళ్ళు మళ్ళీ మెట్ల మీద వరస కట్టారు, అంగడి కిటకిటలాడింది. హేమనాథ్ మాత్రం రోజూ మూడు గంటలకు మెట్ల వైపు చూసేవాడు. నేను సరిగ్గా వినలేదు, ఆటలో ఉన్నాను, ఏదో ఊ అన్నాను అని తనకు తానే చెప్పుకునేవాడు. రోజుకు పదిసార్లు చెప్పుకునేవాడు. వినని మాట అక్షరం పొల్లు పోకుండా ఎట్లా గుర్తుందో మాత్రం ఆలోచించేవాడు కాదు.

ఒక పొద్దున నీళ్ళ కుళాయి దగ్గర్నించి వచ్చిన భువన బిందె దించీ దించకముందే అడిగింది.

"ఏమయ్యా, మేస్త్రి గంధం పోసి నీ పెట్టెను పాడు చేసినాడంటనే. నిజమా?"

"ఎవురు చెప్పింది?"

"పచ్చయమ్మక్క ఏడస్తాంది కుళాయి కాడ. ఆ మనిసి వేలూరు పోనంటాండాడంట. ఈ చేతిని నమ్మి స్తంభం ముట్టుకుంటే దొరై పరువు పోతాదంట. దీపం బుడ్డి గూడా ముట్టడంట. చెయ్యి తువ్వాల్లో చుట్టి పెట్టుకోని కూసున్నాడంట. నువ్వు ఆ పెట్టెలు రామసామికి మారుపిచ్చినావని కదా నాతో చెప్పింది? చెడిపోయిన పెట్టెను వాడెట్లా తీసుకున్నాడు?"

హేమనాథ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉన్నాడు. ఒకే గుండీని మూడుసార్లు పెట్టి తీశాడు. భువనకు అంతకంటే ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

"చెడిపోలేదు కదా?"

"ల్యా."

"ఆ ముసిలాయనతో చెడిపోయిందన్నావు."

"ఆయనే అడిగినాడు గంధమా అని. నేను ఊ అన్నా. అంతే. ఆటలో ఉంటిని."

భువన బిందె మీద మూత పెట్టింది. "ఊళ్ళో అందరికీ చెప్తావే, ఇప్పటి ఆటల్లో మనిషి మొగం కనపడదని. నీకు కనపడిందా ఆయన మొగం?" అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది. కాసేపటికి లోపల్నించే, "పోయి చెప్పిరా. పోకపోతే నేను పోయి చెప్తా" అన్న మాట వచ్చింది.

అతను చెప్పడానికి పోలేదు. వేలూరు పోయాడు. మనిషి బుద్ధి అట్లా ఉంటుంది, ముళ్ళ దారి తప్పించుకోవడానికి పది మైళ్ళు చుట్టు తిరుగుతుంది. రామస్వామిని బతిమాలాడు. పాత పెట్టెలు కావేరిపాక్కం పోయి ఆడుతున్నాయి, అవి తిరిగి రావు. కానీ రామస్వామి అటక మీద వెతికి అదే రంగు, అదే ఆకారం ఉన్న పెట్టె ఒకటి దించాడు, ఇటుకల క్యాసెట్టుతో సహా. తుడిస్తే అచ్చం పాతదే. హేమనాథ్ ప్రాణం లేచి వచ్చింది. ఇది చూపించి, గంధం కడిగించాను, బాగయిపోయింది అంటే సరిపోతుంది. ఎవరికీ ఏదీ చెప్పుకోనక్కర్లేదు. మేస్త్రి సంతోషిస్తాడు, వేలూరు పోతాడు, పూలు దిద్దుతాడు. బస్సు పళ్ళికొండ దాటేలోపు ఆ మాటలు నాలుగు రకాలుగా అనుకుని, అందులో ఒకటి బాగుందని ఖాయం చేసుకున్నాడు.

గుడియాత్తంలోనే నెల్లూరుపేటలో మేస్త్రి ఇల్లు. పచ్చయమ్మ వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. గోవిందస్వామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు, కుడి చెయ్యి తువ్వాల్లో చుట్టుకుని. హేమనాథ్‌ను చూసి లేవబోయాడు.

"కూసో మేస్త్రీ, కూసో. ఇదో చూడు" అని సంచిలోంచి పెట్టె తీసి ఆయన ముందు పెట్టాడు. "వేలూర్లో ఇచ్చి కడిగించినా. బాగయిపాయె. రేప్పొద్దున్నించి వచ్చెయ్."

మేస్త్రి పెట్టెను చూశాడు. ముట్టుకోలేదు.

"మంచిదప్పా. నీ యాపారం నిలబడింది. నేను మాత్రం రాను."

"ఎందుకు మేస్త్రీ? బాగయింది కదా."

"బాగు చేసింది నువ్వు. చెడగొట్టింది ఈ చెయ్యి. అది మారదు కదా." ఆయన చాలా మామూలుగా, ఇంటి ముందు ఎండ గురించి చెప్పినట్టు చెప్పాడు. "రెండు చుక్కల గంధం గూడా నిలపలేని చేతిని పెట్టుకోని ఆరు స్తంభాలకు పూలు పెడతానంటినే. పడినప్పుడే తెలుసుకోవల్సింది."

"మూడు వారాలుగా అన్నం గూడా తినడప్పా ఆ చేత్తో" అంది పచ్చయమ్మ, బీడీకి దారం చుడుతూ. "ఎడం చేత్తో తింటానంటాడు. ఎట్లా పెడతా నేను అట్లా? కలిపి నోట్లో పెడతాండా, పసిబిడ్డకు మాదిరి."

బస్సులో ఖాయం చేసుకున్న మాటలు ఇంకా రెండు మిగిలే ఉన్నాయి హేమనాథ్ దగ్గర. అవి నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. తను తెచ్చిన పెట్టె ఈ మనిషికి మందు కాదు, చేసిన తప్పుకు సాక్ష్యం మాదిరి ముందు కూర్చుంది. బాగయిందని ఎంత గట్టిగా చెబితే, చెడగొట్టింది నువ్వేనని అంత గట్టిగా చెప్పినట్టు.

"మేస్త్రీ, పెట్టె చెడిపోలేదు."

గోవిందస్వామి తల ఎత్తాడు.

"గంధంతో ఏం కాలేదు. పూజ మరుసటి దినం నేనే ఆడినా, బాగుండాది. రామసామికి మారుపిచ్చి తుపాకుల పెట్టె తెచ్చుకున్నా. నీకు చెప్పేదానికి మొగం చెల్లక చెడిపోయిందంటి. ఇది ఆ పెట్టె గాదు, వేరేది."

పచ్చయమ్మ చేతిలో బీడీ ఆగింది. ఆమె చాట పక్కన పెట్టింది. ఆ తర్వాత ఆమె అన్న మాటల్లో సగం తమిళం, సగం తెలుగు. హేమనాథ్ తండ్రినీ, మేల్పాడి భూమినీ, అతని రెండు చేతులనూ, అతని నోటినీ వరసగా పిలిచి అడిగింది. "పెద్దింటి బిడ్డవి అని ఇంట్లోకి రానిస్తిమే, నీ నోట్లో మన్ను పడ. పూజ చేసిన చెయ్యప్పా అది. పండగ నాడు పూజ చేసిన చేతిని పట్టుకోని ఇట్లా అంటావా" అంది. అతను తల వంచుకుని విన్నాడు. ఉసురు అనే మాట మాత్రం ఆమె అనలేదు. అంటుందేమోనని అతను ఎదురు చూశాడు.

"ఏమే, ఉండు" అన్నాడు గోవిందస్వామి. ఆమె ఆగింది. "ఒకటి చెప్పప్పా. ఆ పొద్దు నేను అడిగింది నీకు ఇనపడిందా? ఆటలో ఉంటివే. ఇనపడకుండా ఊ అన్నావా?"

ఆ మాట అతని కోసం తలుపు తెరిచినట్టే వచ్చింది. ల్యా మేస్త్రీ, ఇనపడలేదు అంటే చాలు. మేస్త్రి ముఖం చూస్తే, అట్లా అనాలనే ఆయన కూడా కోరుకుంటున్నట్టు ఉంది.

"ఇనపడింది" అన్నాడు హేమనాథ్.

గోవిందస్వామి తువ్వాలు విప్పాడు. మూడు వారాలు ఊరికే ఉన్న చెయ్యి, వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. బొటనవేలు కొంచెం మడిచాడు, నొప్పికి పళ్ళు బిగించాడు, ఇంకొంచెం మడిచాడు.

"ఎస్టీడీ బూత్ తెరిచుంటుందా ఈ పొద్దుకు?" అన్నాడు.

ఇద్దరూ వీధి చివరి దాకా నడిచారు. హేమనాథ్ పెట్టె సంచి మోస్తూ రెండడుగులు వెనకగా నడిచాడు. బూత్ లోపల మేస్త్రి నంబరు చీటీ ఇస్తే హేమనాథ్ నొక్కిచ్చాడు. దొరై గొంతు పెద్దది, ఫోను చెవిలో పెట్టుకున్నది మేస్త్రే అయినా బయటికి వినిపిస్తోంది.

"ఏం మామా, రానంటివే. ఇబ్బుడేం?"

"చెయ్యి కొంచిం నొప్పిగా ఉన్నింది రా. ఇబ్బుడు పర్వాల్యా."

"స్తంభాలు ఆలంగాయం మేస్త్రిలకిచ్చేస్తినే మామా. నాలుగు అయిపోయినాయి గూడా. నువ్వు రానంటే నేనేం చెయ్యల్ల? ఇంక కాంపౌండు గోడ పూత ఉండాది, అంతే."

హేమనాథ్ బూత్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"గోడయితే ఏమి" అన్నాడు గోవిందస్వామి. "గోడకే వస్తా. రేపొస్తా."

ఫోను పెట్టేసి బయటికొచ్చాడు. హేమనాథ్‌కు ఉండబట్టలేదు.

"నొప్పి అన్నావే మేస్త్రీ. నా సంగతి చెప్పుంటే దొరై స్తంభాలు..."

"చెప్తే?" అన్నాడు మేస్త్రి. "నిన్ను తిడతాడు, సరే. నన్ను చూసి నవ్వుతాడు. మా మామ మూడు వారాలు మంచమెక్కింది ఎవురో ఊ అన్నందుకంట అని. సైట్లో అందరికీ చెప్తాడు వాడు. వాని నోరు నీకు తెలీదు."

ఈ సంగతి హేమనాథ్‌కు తట్టనే లేదు. తను చేసిన తప్పు మేస్త్రి ఇంట్లో, మేస్త్రి చేతిలో మాత్రమే ఉందనుకున్నాడు. ఇకమీదట ఆ ముసలాయన ఎవరు అడిగినా దాన్ని దాచిపెట్టుకుంటూ తిరగాలని ఇప్పుడు తెలిసింది. సంచి అటు చేతికి మార్చుకున్నాడు. పెట్టె ఇంటి దాకా తెచ్చి పెట్టనా అని అడిగాడు. వద్దన్నాడు మేస్త్రి, కోపంగా కాదు.

"వేలూరికి పొద్దున ఆరుంపావు బస్సు ఇంకా ఉండాదా, తీసేసినారా?"

"ఉండాది మేస్త్రీ. నేను వచ్చి ఎక్కిస్తా."

"నాకు తెలుసు ఎక్కేదానికి. నువ్వు పోయి అంగడి తెరువు. పిల్లోళ్ళు మెట్ల మీద కాచుకోనుంటారు" అని, గోవిందస్వామి తువ్వాలు భుజాన వేసుకుని ఇంటి వైపు తిరిగాడు.